జర్మన్ ఇంగ్లీషు కంటే కష్టమా? తెలుగువాళ్ళకి ఆ లెక్క కొంచెం వేరు

మీరు అడిగింది ఇది: బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నారు, వచ్చే ఏడాది ఎం.ఎస్.కి జర్మనీ వెళ్ళాలనుకుంటున్నారు. ఇంగ్లీషే ఇంకా తడబడుతూ మాట్లాడుతున్నప్పుడు, దానికంటే కష్టమని అందరూ చెప్పే జర్మన్ వస్తుందా అని టెన్షన్. ఎనిమిది నెలల్లో బి1 (ఏ1 నుంచి సి2 దాకా ఉండే ఆరు మెట్లలో మూడోది) అందుకోవడం సాధ్యమేనా అన్నది రెండో ప్రశ్న. నేను కొన్నేళ్ళు స్టుట్‌గార్ట్ వైపు ఉద్యోగం చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో జర్మన్ నేర్పుతున్నాను. ఎక్కువగా తెలుగు పిల్లలకే నేర్పుతున్నాను కాబట్టి వాళ్ళు ఎక్కడ ఆగిపోతారో, ఎక్కడ సులువుగా దాటిపోతారో చూస్తూనే ఉన్నాను.

మొదటి అయిదారు నెలలు జర్మనే కష్టం. ఆ తర్వాత మాత్రం ఇంగ్లీషు ఎక్కువ కష్టం. ఇంగ్లీషు మొదట్లో మన దగ్గర ఏమీ అడగదు, రెండు వాక్యాలు వెంటనే మాట్లాడించేస్తుంది. స్పెల్లింగులు, ఒక్కో క్రియకి ఇరవై అర్థాలు, ‘హ్యావ్ బీన్’లు అన్నీ తర్వాత వస్తాయి, అవి ఎప్పటికీ తీరవు. జర్మన్ వసూలు చేయాల్సిందంతా మొదట్లోనే వసూలు చేస్తుంది. దానికితోడు, జర్మన్‌లో కష్టమని పుస్తకాలు చెప్పే వాటిలో చాలా భాగం ఇంగ్లీషు వాళ్ళకి కష్టం, తెలుగు వాళ్ళకి కాదు. మనం జర్మన్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నాం కాబట్టి వాళ్ళ కష్టాలు కూడా మనం మోస్తున్నాం.

అమెరికా విదేశాంగ శాఖ వాళ్ళ ఉద్యోగులకి భాషలు నేర్పే సంస్థ లెక్క ఒకటి ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతుంటుంది. అందులో ఫ్రెంచ్, స్పానిష్ కంటే జర్మన్ ఒక మెట్టు ఎక్కువ కష్టం, సుమారు 36 వారాల చదువు. అదే జాబితాలో తెలుగు, హిందీ సుమారు 44 వారాల గుంపులో ఉన్నాయి. అంటే ఆ జాబితా ప్రకారం జర్మన్ కంటే కష్టమైన భాషని మీరు మూడేళ్ళ వయసుకే మాట్లాడేశారు! ఆ కొలత ఇంగ్లీషు ఇంట్లో పుట్టినవాడి కోసం పెట్టుకున్నది. మన కష్టసుఖాలకి దాన్ని ప్రమాణంగా తీసుకోవడంలో అర్థం లేదు.

ఇంగ్లీషుతో పోలిక పెట్టడంలో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషుని మీరు ఎల్‌కేజీ నుంచి వింటున్నారు. బస్సు మీద బోర్డులు, క్రికెట్ కామెంటరీ, సినిమా పేర్లు, ఇంట్లో ‘ఫ్యాన్ ఆఫ్ చెయ్’ అనే మాటలు, అన్నీ కలిపితే పదిహేనేళ్ళకి పైగా రోజూ కొంచెం కొంచెం చెవిన పడింది. జర్మన్‌కి ఆ వాతావరణం లేదు. క్లాసు అయిపోయాక మళ్ళీ మరుసటి రోజు క్లాసు దాకా ఒక్క మాట వినపడదు. నా దృష్టిలో మనవాళ్ళు జర్మన్ కష్టమనడానికి గ్రామర్ కంటే ఇదే పెద్ద కారణం.

ఇక తెలుగు ఎక్కడ ఉపయోగపడుతుందో చెప్తాను. ఇది కోచింగ్‌లో చెప్పరు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

డేటివ్ అనగానే క్లాసులో సగం మంది మొహాలు వాడిపోతాయి. మనకి అది ‘కి, కు’ విభక్తి, అంతే. ‘నాకు చలిగా ఉంది’ అనడానికి జర్మన్ ‘మీర్ ఇస్ట్ కల్ట్’. మీర్ అంటే నాకు. ఇంగ్లీషులో ‘ఐ యామ్ కోల్డ్’ అంటారు కాబట్టి, ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు ‘ఇశ్ బిన్ కల్ట్’ అంటారు, అంటే ‘నేను చల్లగా ఉన్నాను’. ఉక్కపోతకి ‘ఇశ్ బిన్ హైస్’ అంటే మాత్రం అర్థం ఇంకెటో పోతుంది, అవతలివాళ్ళు నవ్వు ఆపుకుంటారు. నాకు నచ్చింది, నాకు రుచిగా ఉంది, నాకు సరిపోయింది, ఇది నాకు చెందింది... జర్మన్‌లో ఈ క్రియలన్నీ డేటివే తీసుకుంటాయి. నీకు సాయం చేస్తాను, నీకు జవాబు చెప్తాను, నీకు కృతజ్ఞతలు చెప్తాను, ఇవీ అంతే. హెల్ఫెన్, ఆంట్‌వోర్టెన్, డాంకెన్, గెఫాలెన్, గెహోరెన్ అంటూ డేటివ్ క్రియల పట్టిక బట్టీ పట్టిస్తారు కదా, ఆ పట్టికని ఒకసారి తెలుగులోకి మార్చి చూడండి, ముప్పావు వంతు మీకు ముందే వచ్చు. ‘నిన్ను అడుగుతాను’లో మనకి ‘ని’ వస్తుంది, జర్మన్‌లోనూ అక్కడ అక్యుజేటివే. తేడా వచ్చేవి మాత్రం విడిగా రాసుకోండి: ‘నీకు ఫోన్ చేస్తాను’ అంటాం, అక్కడ జర్మన్‌లో అక్యుజేటివ్. ‘నిన్ను నమ్ముతాను’ అంటాం, అక్కడ డేటివ్. బట్టీ పట్టాల్సినవి ఇలాంటివే.

రెండోది, ఒకే ప్రిపొజిషన్‌కి రెండు విభక్తులు వచ్చే చోటు. ‘ఇన్ డీ షూలె’ అంటే బడిలోకి, ‘ఇన్ డేర్ షూలె’ అంటే బడిలో. ఇంగ్లీషు పుస్తకం దీనికి కదలిక ఉందా, స్థిరంగా ఉందా, గమ్యం ఉందా అని ఒకటిన్నర పేజీ వివరణ ఇస్తుంది. మనకి అక్కర్లేదు. తెలుగులో లోకి, పైకి, కిందికి, వెనక్కి వచ్చే చోట అక్యుజేటివ్. లో, పైన, కింద, వెనక వచ్చే చోట డేటివ్. పుస్తకం బల్ల మీద పెట్టాను అన్నప్పుడు తెలుగు ‘మీదికి’ అనదు గానీ జర్మన్ అక్యుజేటివ్ అడుగుతుంది. అలాంటి చోట్ల కొంచెం చూసుకోవాలి, మిగతా అంతటా ఈ సూత్రం నిలబడుతుంది.

మూడోది వాక్య నిర్మాణం. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. ‘నేను నిన్న అమీర్‌పేటలో ఒక చొక్కా కొన్నాను.’ జర్మన్‌లో: ‘ఇశ్ హాబె గెస్టెర్న్ ఇన్ అమీర్‌పేట్ ఐన్ హెమ్ట్ గెకౌఫ్ట్.’ మాట పక్కన మాట పెట్టి చూడండి. నేను, నిన్న, అమీర్‌పేటలో, ఒక చొక్కా, కొన్న. రెండో స్థానంలో ఉన్న ‘హాబె’ ఒక్కటే అదనం. ఇంగ్లీషులో ఇదే వాక్యం కొన్నాను అన్న మాటతో మొదలై, చొక్కా, అమీర్‌పేట, నిన్న అంటూ వెనక నుంచి ముందుకి నడుస్తుంది. ‘ఇవాళ నాకు టైం లేదు కాబట్టి’ లాంటి వాక్యాల్లో, అంటే ‘వైల్’ (ఎందుకంటే), ‘డస్’ (అని), ‘వెన్’ (అయితే) తర్వాత, జర్మన్ క్రియని పూర్తిగా చివరికి పంపేస్తుంది. అమెరికన్లు దీని మీద జోకులు వేస్తారు, క్రియ కోసం వాక్యం చివరిదాకా ఎదురుచూడాలి అని. మనం పుట్టినప్పటి నుంచి అలాగే ఎదురుచూస్తున్నాం. బి2 దాటాక పేపర్లలో ‘డస్ గెస్టెర్న్ గెకౌఫ్టె బూఖ్’ లాంటివి వస్తాయి, నిన్న కొన్న పుస్తకం అని అర్థం. ఇంగ్లీషు వాళ్ళు అక్కడ తల పట్టుకుంటారు, తెలుగు పిల్లలు ఆగకుండా చదివేస్తారు.

అయితే ఇక్కడే ఒక గుంట కూడా ఉంది. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలోనే ఉండాలి. ‘ఇవాళ’తో మొదలుపెడితే వెంటనే క్రియ, ఆ తర్వాతే ‘నేను’: ‘హోయ్‌టె గేయె ఇశ్’. మనవాళ్ళు నూటికి తొంభై మంది ‘హోయ్‌టె ఇశ్ గేయె’ అంటారు. క్రియని ‘నేను’కి ముందు పెట్టడాన్ని తెలుగూ ఒప్పుకోదు, ఇంగ్లీషూ ఒప్పుకోదు. నోరు తిరిగేదాకా గట్టిగా చదవడం తప్ప నాకు ఇంకో మందు తెలియదు.

చిన్న లాభాలు ఇంకా ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు అని మనిషిని బట్టి క్రియ మార్చడం మనకి కొత్త కాదు. నువ్వు, మీరు తేడా ‘డూ’, ‘జీ’ అని అక్కడా ఉంది, ‘జీ’కి మన ‘మీరు’ లాగే బహువచన క్రియ. ‘మూడేళ్ళ నుంచి బెర్లిన్‌లో ఉంటున్నాను’ అన్నదాన్ని జర్మన్ కూడా వర్తమానంలోనే చెప్తుంది, ‘హ్యావ్ బీన్ లివింగ్’ గొడవ లేదు. చేస్తాను, చేస్తున్నాను అనే తేడా క్రియలో చూపించనక్కర్లేదు. కాలాల విషయంలో జర్మన్ ఇంగ్లీషు కంటే చాలా తేలిక, ఇందులో సందేహమే లేదు. ‘డొఖ్’, ‘మాల్’, ‘యా’ అంటూ వాక్యం మధ్యలో దొర్లే చిన్న మాటలు ‘కదా’, ‘ఓసారి’, ‘లే’, ‘మరి’ లాంటివి. నిఘంటువులో వెతక్కండి, వింటూ ఉంటే ఎక్కడ పడతాయో తెలుస్తుంది.

చదవడం, పలకడం దగ్గర జర్మన్ నిజంగా సుఖం. 1901లో ఒకసారి, 1996లో ఇంకోసారి వాళ్ళు స్పెల్లింగుని కూర్చుని సరిచేసుకున్నారు. రెండు వారాలు శ్రద్ధగా నేర్చుకుంటే ఎంత పొడుగు మాటనైనా చూసి పలకొచ్చు, విని రాయొచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగు అచ్చు యంత్రం వచ్చిన కొత్తలో స్థిరపడటం మొదలైంది, ఉచ్చారణ మాత్రం ఆ తర్వాత కూడా మారిపోతూనే ఉంది. అందుకే ‘టఫ్’, ‘త్రూ’, ‘దో’, ‘కాఫ్’ నాలుగింట్లోనూ చివర అవే నాలుగు అక్షరాలు. జర్మన్ ‘జడ్’ అక్షరం పలికేది ‘త్స’, అంటే ‘చలి’, ‘చదువు’ అన్నప్పుడు మన ఇళ్ళలో పలికే దంత్య ‘చ’కి దగ్గరిది. ఉత్తరాది స్నేహితులు దీనికి తంటాలు పడుతుంటే మనవాళ్ళు ‘త్సైట్’, ‘త్సేన్’ హాయిగా అనేస్తారు. కష్టమైనవి రెండే. పెదాలు ‘ఊ’కి గుండ్రంగా పెట్టి లోపల ‘ఈ’ అనే శబ్దం ఒకటి. ‘ఇశ్’లో చివర వచ్చే, శకి హకి మధ్య ఉండే శబ్దం ఇంకొకటి. నేను ఇక్కడ తెలుగు లిపిలో రాసిన ఉచ్చారణలన్నీ ఉజ్జాయింపే, వీటినే పట్టుకుని వేలాడకండి.

ఇప్పుడు అసలు బాధ. డేర్, డీ, డస్, అంటే ఇంగ్లీషు ‘ద’కి జర్మన్‌లో లింగాన్ని బట్టి మారే మూడు రూపాలు.

తెలుగులో లింగం బుద్ధికి అందుతుంది. మగవాళ్ళు ఒక పక్క, మిగతావన్నీ ఒక పక్క. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, రెండింటికీ ఒకే క్రియ. బల్లకి, తలుపుకి మగ ఆడ తేడా పెట్టడం మనకి లేదు. జర్మన్‌లో స్పూన్ పుంలింగం, ఫోర్క్ స్త్రీలింగం, కత్తి నపుంసకం. అమ్మాయి కూడా నపుంసకమే, ఎందుకంటే ఆ మాట చివర ‘శెన్’ ఉంది. హైదరాబాద్ వాళ్ళకి హిందీ, ఉర్దూ పుణ్యమా అని వస్తువులకి లింగం ఉంటుందన్న ఊహ అలవాటే. కానీ అక్కడ నుంచి సమాధానాలు అరువు తెచ్చుకోకండి. మేజ్ హిందీలో స్త్రీలింగం, జర్మన్‌లో పుంలింగం. దర్వాజా సరిగ్గా దానికి తిరగబడింది. మూడు లింగాలు, బహువచనం, నాలుగు విభక్తులు కలిపితే పదహారు గళ్ళ పట్టిక. దాంట్లోకి సర్దాల్సింది డేర్, డీ, డస్, డేన్, డేమ్, డెస్ అనే ఆరు మాటలే. పట్టిక రెండు రోజుల్లో వస్తుంది. ఏ మాటకి ఏ లింగమో మాత్రం ఏళ్ళు పడుతుంది.

కొన్ని ఆనవాళ్ళున్నాయి. ‘ఉంగ్’, ‘హైట్’, ‘కైట్’, ‘షాఫ్ట్’, ‘త్సియోన్’తో ముగిస్తే స్త్రీలింగం, ‘శెన్’, ‘లైన్’ నపుంసకం, వారాల పేర్లు, నెలలు, ఋతువులు పుంలింగం. పొడుగు సమాసాల్లో చివరి మాట లింగమే మొత్తానికి లింగం. వీటితో ఎంతో కొంత గట్టెక్కొచ్చు. మిగతాది మాటతో పాటే నోటికి రావాలి. ‘టిష్’ అని రాసుకోకండి, ‘డేర్ టిష్, డీ టిషె’ అని ఆర్టికల్, బహువచనం రెండూ కలిపి రాసుకోండి. తర్వాత నేర్చుకుందాంలే అని మొదటి మూడు నెలలు వదిలేసినవాళ్ళు బి1లో ఆ వందల మాటలు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది.

దీని మీద విశేషణాల తోకలు. కొత్త ఇల్లు, కొత్త ఇంట్లో, కొత్త ఇళ్ళు... తెలుగులో ‘కొత్త’ కదలదు, ఇంగ్లీషులో ‘న్యూ’ కదలదు. జర్మన్‌లో ‘ఐన్ నోయెస్ హౌస్’, ‘ఇమ్ నోయెన్ హౌస్’, ‘నోయె హోయ్‌జర్’. ఇక్కడ మాత్రం మనకి తెలుగు నుంచీ సాయం లేదు, ఇంగ్లీషు నుంచీ లేదు. నా సలహా, చాలామంది మాస్టార్లు ఒప్పుకోకపోవచ్చు: బి1 దాకా మాట్లాడేటప్పుడు ఈ తోకల గురించి ఆగకండి. తోక తప్పయినా జర్మన్లకి అర్థమవుతుంది, మధ్యలో ఆగిపోతే వాళ్ళు మర్యాదగా ఇంగ్లీషులోకి మారిపోతారు. రాతలో మాత్రం సరిచూసుకోండి.

అంకెలు కూడా ఏడిపిస్తాయి. యాభై నాలుగుని ‘నాలుగు-యాభై’ అంటారు. హిందీ ‘చౌవన్’లోనూ ముందు నాలుగే వస్తుంది కాబట్టి హిందీలో లెక్క వచ్చినవాళ్ళకి కాస్త నయం. ఫోన్ నంబరు జంటలుగా చెప్తే రాసుకోవడం నరకమే. ‘ఆన్‌రూఫెన్’ (ఫోన్ చేయడం) లాంటి క్రియలు రెండు ముక్కలై, మొదటి ముక్క ‘ఆన్’ వాక్యం చివర తేలుతుంది. ఇది వినగా వినగా పోతుంది, భయపడాల్సినంత లేదు.

మీకొచ్చిన ఇంగ్లీషు ఇక్కడ వృథా కాదు. రెండూ ఒకే కుటుంబం నుంచి వచ్చినవి. పాత ఇంగ్లీషుకీ మూడు లింగాలు, విభక్తులు ఉండేవి. కాలక్రమంలో అవి అరిగిపోయాయి, 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచ్ మాటలు వేలల్లో వచ్చి చేరాయి. అయినా ఇంట్లో వాడే మాటలు ఇంకా కలుస్తాయి. వాటి మధ్య తేడాలకి ఒక పద్ధతి ఉంది: ఇంగ్లీషు ‘ట’ చాలాచోట్ల ‘త్స’ లేదా ‘స్స’ అవుతుంది (టెన్, త్సేన్, వాటర్, వాసర్), ‘డ’ ‘ట’ అవుతుంది (డ్రింక్, ట్రింకెన్), ‘ప’ ‘ఫ’ అవుతుంది (షిప్, షిఫ్), ‘థ’ ‘డ’ అవుతుంది (త్రీ, డ్రై), ‘క’ ‘ఖ’ అవుతుంది (మేక్, మఖెన్). ఈ అయిదూ తెలిస్తే తెలియని మాటల్ని ఊహించడం మొదలుపెడతారు. మోసం చేసేవీ ఉన్నాయి. జర్మన్‌లో ‘గిఫ్ట్’ అంటే విషం, ‘బెకొమెన్’ అంటే దొరకడం, ‘షెఫ్’ అంటే పై అధికారి.

ఒక హెచ్చరిక. క్లాసులో నేర్చుకునే జర్మన్ వేరు, మ్యూనిక్‌లోనో స్టుట్‌గార్ట్‌లోనో బేకరీలో వినిపించేది వేరు. బవేరియాలో ‘నిశ్ట్’ (కాదు, లేదు) కాస్తా ‘నెట్’ లాంటిది అయిపోతుంది, పలకరింపు ‘గ్రూస్ గాట్’. శ్రీకాకుళం మాట, నిజామాబాద్ మాట రెండూ తెలుగే అని తెలిసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు గానీ, దిగిన మొదటి నెల ‘నేను చదివింది జర్మనేనా’ అనిపిస్తుంది. బి1 సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకీ అలాగే అనిపిస్తుంది.

ఇక మీ ఎనిమిది నెలల ప్రశ్న. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోయ్‌టే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బి1కి 45 నిమిషాల పాఠాలు సుమారు 350 నుంచి 650 పడతాయంటారు, బి2కి 600 నుంచి 800. రోజుకి రెండు గంటల క్లాసు, వారానికి అయిదు రోజులైతే వారానికి పదమూడు పాఠాలు. ఎనిమిది నెలలంటే దాదాపు 35 వారాలు, 455 పాఠాలు. అంటే కుదురుతుంది, కానీ తీరిగ్గా కాదు. క్లాసుకి సమానంగా ఇంట్లో చదువు, రోజూ అరగంట వినడం ఉండాలి. ‘ముప్పై రోజుల్లో బి1’ అని అమీర్‌పేట గోడల మీద కనిపించే వాటిని చూసి నవ్వుకుని ముందుకెళ్ళండి.

అందరికీ బి1 అవసరమా అన్నది వేరే మాట. ఇంగ్లీషు మీడియం ఎం.ఎస్.కి చాలా యూనివర్సిటీలు జర్మన్ సర్టిఫికెట్ అడగవు. పార్ట్‌టైమ్ ఉద్యోగం, ఇంటర్న్‌షిప్, ఇల్లు వెతుక్కోవడం దగ్గర అవసరం తెలిసొస్తుంది. చదువయ్యాక ఉద్యోగంలో చేరి బ్లూ కార్డు (పెద్ద చదువులున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) తీసుకుంటే, బి1 ఉన్నవాళ్ళు 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయొచ్చు, ఏ1తో అయితే 27 నెలలు ఆగాలి. పౌరసత్వానికీ బి1 కావాలి. నర్సింగ్ చేసినవాళ్ళ సంగతి పూర్తిగా వేరు, వాళ్ళకి సాధారణంగా బి2 లేనిదే గుర్తింపు రాదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్ శిక్షణ ఇప్పించి పంపుతోంది, మీ ఇంట్లో ఎవరైనా ఉంటే కనుక్కోమనండి.

మీ పరిస్థితిలో నేనైతే ఇలా చేస్తాను: వెళ్ళేలోపు ఏ2 గట్టిగా పూర్తిచేసి, బి1 క్లాసు సగంలో ఉన్నా సరే విమానం ఎక్కుతాను. బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలుంటాయి, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. నాలుగూ ఒకేసారి రాయక్కర్లేదు, పోయిన భాగం ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. చాలామందికి పోయేది వినడం దగ్గర. అందుకని యాప్‌ల మీద గడిపే సమయాన్ని తగ్గించి, జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వాళ్ళ నిదానంగా చదివే వార్తలు రోజూ పెట్టుకోండి, ఉచితమే, రాతప్రతి కూడా ఇస్తారు. హైదరాబాద్‌లో గోయ్‌టే సెంట్రుమ్, చెన్నై, బెంగళూరుల్లో మాక్స్ ముల్లర్ భవన్ పరీక్షలు పెడతాయి. స్లాట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి చదువు పూర్తయ్యాక చూద్దామని ఆగకుండా, రెండు మూడు నెలల ముందే తేదీ చూసుకోండి.